పేటలో డబ్బు నిలవాలంటే ముందు ఏం పట్టుకోవాలి: కర్నూలు పాతబస్తీ బజార్లకు ఒక పనిపుస్తకం

తుంగభద్ర, హంద్రీ కలిసే మూలన ఉన్న పాతబస్తీ గల్లీల్లోకి డబ్బు రావడం లేదనే మాట సగమే నిజం. వంద మంది పింఛనుదారులున్న వీధిలో 1వ తేదీ పొద్దున్నే, మనిషికి 4,000 చొప్పున, 4 లక్షలు దిగుతాయి. మార్కెట్ యార్డు హమాలీ కూలి, కుట్టు కూలి, ఇళ్లలో పని జీతాలు వేరే. చిక్కంతా అది వచ్చిన దారినే మళ్లీ బయటికి పోవడంలో ఉంది. రోజూ కంతు కట్టించుకునే గిరిగిరి వడ్డీకి కొంత, ఆసుపత్రికి కొంత, పెద్ద దుకాణాలకూ ఫోన్లో కొనే సరుకుకూ కొంత పోతుంది. కొత్త పథకాల వెంట పరుగెత్తే ముందు ఉన్న రూపాయి పేటలోనే ఇంకో ఇద్దరి చేతులు మారేలా చూడాలి. కింద చెప్పిన పనుల వరస ఆ లెక్క మీద కుదిర్చింది. కడప, అనంతపురం పాత పేటలకూ చాలావరకు పనికొస్తుంది.

1. హద్దు చిన్నదిగా గీయండి

పాతబస్తీ మొత్తాన్ని నెత్తికెత్తుకోకండి. ఒక బజారు వీధి, దానికి తగిలిన గల్లీలు కలిపి 300 నుంచి 400 ఇళ్లు చాలు. అవన్నీ ఒకే వార్డు సచివాలయం కింద ఉండాలి. హద్దు రెండు సచివాలయాల మీద పడితే కాలువ పని ఒకరిది, లైటు పని ఇంకొకరిది అయి, ఇద్దరూ ఒకరినొకరు చూపించుకుంటారు.

కమిటీ 9 నుంచి 11 మంది. తోపుడు బండి వాళ్లు ఇద్దరు, కిరాణా కొట్టు ఒకరు, ఇంట్లో కుట్టుపనో మగ్గం పనో చేసే ఆడవాళ్లు ఇద్దరు, పొదుపు సంఘం లీడరు, మసీదు నుంచీ గుడి నుంచీ ఒక్కొక్కరు, అద్దె ఇంట్లో ఉండేవాళ్లు ఒకరు, లెక్కలు రాయగల కుర్రవాళ్లు ఇద్దరు. అద్దె ఇంటివాళ్లను మరవొద్దు. సొంత ఇల్లున్నవాళ్లకు బజారు బాగుపడితే అద్దె పెరుగుతుంది, అద్దెకున్నవాళ్లకు భయం పెరుగుతుంది. కార్పొరేటర్‌ను పిలవండి, కుర్చీ వేయండి, అధ్యక్షుణ్ణి మాత్రం చేయొద్దు. చేస్తే ఎన్నికలైన మర్నాడే అది పాత పార్టీ కమిటీ అయిపోతుంది.

2. అడిగే ముందు లెక్క పెట్టండి

మూడు లెక్కలు కావాలి. పదిహేను రోజుల్లో అయిపోతాయి.

మొదటిది నడక లెక్క. బజారు వీధికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడి పావుగంటలో ఎంతమంది నడిచి వెళ్లారో గీతలు పెట్టాలి. పొద్దున 7కు, మధ్యాహ్నం 12కు, సాయంత్రం 6కు, రాత్రి 8.30కు. మామూలు రోజు ఒకటి, శుక్రవారం ఒకటి, ఆదివారం ఒకటి. నెల మొదటి వారంలో ఒకసారి, 20వ తేదీ తర్వాత ఇంకోసారి. ఈ రెండోది వదిలేసే వాళ్లే ఎక్కువ. 3వ తేదీన కిటకిటలాడే వీధి 25న ఖాళీగా ఉంటే అక్కడ కొరత కొనేవాళ్లది కాదు, చేతిలో రొక్కానిది. అప్పుడు పట్టుకోవాల్సిన పని వేరు.

రెండోది దుకాణాల లెక్క. ప్రతి షట్టరూ రాయండి: తెరిచి ఉందా, ఎన్నాళ్లుగా మూత పడింది, ఎందుకు. మెట్ల మీద కూరగాయలు పెట్టుకునే అవ్వ, సాయంత్రం మాత్రమే వచ్చే బజ్జీల బండి, కిటికీలోంచి బొరుగులూ బిస్కెట్లూ అమ్మే ఇల్లు, ఇవన్నీ దుకాణాలే. కార్పొరేషన్ కాగితంలో లేనివాళ్లే బజారులో సగం మంది ఉంటారు.

మూడోది ఇంటి ఖర్చు. పది ఇళ్లకొకటి చొప్పున 40 ఇళ్లు చాలు. 'మీ ఆదాయం ఎంత' అని మాత్రం అడగొద్దు. రేషన్ కార్డు పోతుందన్న భయంతో ఎవరూ నిజం చెప్పరు. ఖర్చు అడగండి: బియ్యం, నూనె, బట్టలు, మందులు, ఫోను, స్కూలు ఫీజు, వడ్డీ. ఒక్కోదాని ఎదురుగా మూడు గళ్లు గీయండి: పేటలోనే, ఊళ్లో వేరేచోట, ఊరి బయట లేదా ఫోన్లో. 40 కాగితాలూ కూడితే ఎక్కడ కారిపోతోందో తెలుస్తుంది. వడ్డీ గడి చూసి కమిటీలోని మగవాళ్లు ఉలిక్కిపడటం మామూలే. ఆ అప్పుల్లో చాలావాటి సంగతి ఇంట్లో ఆడవాళ్లకే తెలిసి ఉంటుంది.

3. ప్రాధాన్యాలు తేల్చే సభ

ఇక్కడ తప్పు జరిగితే తర్వాత ఎంత కష్టపడ్డా పని పక్కదారి పడుతుంది. 'మన పేటకు ఏం కావాలి?' అని అడిగితే వచ్చే జవాబులు ఎప్పుడూ అవే: సీసీ రోడ్డు, ఆర్చి, కమ్యూనిటీ హాలు. వాటితో ఎవరి గల్లా పెట్టెలోనూ రూపాయి పెరగదు. అడగాల్సిన ప్రశ్న ఇది: 'రేపు నీ బేరం పెరగకుండా అడ్డం పడుతున్నది ఏది?' దీనికి వచ్చే జవాబులు వేరుగా ఉంటాయి. సాయంత్రం ఏడయ్యేసరికి చీకటి, కాలువ పొంగి వాసనకు ఎవరూ ఆగరు, బండి ఎప్పుడు ఎత్తేస్తారో తెలియదు, రోజూ వంద కట్టాలి.

సభ ఒకటి కాదు, మూడు పెట్టండి. ఆడవాళ్లకు మధ్యాహ్నం 3కు, బండ్లవాళ్లకు రాత్రి 9.30 తర్వాత, మిగతావాళ్లకు ఆదివారం. అన్నింటిలోనూ ఓటు ఒకటే తీరు. ఎనిమిది డబ్బాల మీద ఎనిమిది సమస్యలు బొమ్మలు వేసి అంటించండి, చదువు రానివాళ్ల కోసం. మనిషికి ఐదు చింతగింజలు ఇవ్వండి. ఐదూ ఒకే డబ్బాలో వేసినా సరే, పంచినా సరే. శెనక్కాయలు ఇస్తే సభ అయ్యేలోపు సగం ఓట్లు కడుపులోకి పోతాయి. మూడు సభల గింజలనూ కలిపి లెక్కపెట్టొద్దు, విడివిడిగా రాయండి. కలిపితే ఆడవాళ్లు అడిగిన మరుగుదొడ్డి, మగవాళ్లు అడిగిన పార్కింగ్ కింద పడి కనిపించకుండా పోతుంది.

పైకి తేలిన ఐదింటిని నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టండి. ఎంతమంది సంపాదన పెరుగుతుంది? ఎంత ఖర్చు? నిర్ణయం ఎవరి చేతిలో ఉంది: మనదా, సచివాలయానిదా, కార్పొరేషన్‌దా, ప్రభుత్వానిదా? ఎన్ని రోజులు పడుతుంది? చివరికి మూడే మిగలాలి. మన చేతి డబ్బుతో 15 రోజుల్లో అయ్యేది ఒకటి, కార్పొరేషన్‌తో 6 నెలల్లో అయ్యేది ఒకటి, రెండేళ్ల పని ఒకటి. 15 రోజుల పని తప్పనిసరి. అది కళ్లకు కనబడకపోతే రెండో సభకు జనం రారు.

4. లైటు, కాలువ, మరుగుదొడ్డి

వీధి దీపాల ఫిర్యాదు 'మా వీధిలో లైట్లు లేవు' అని ఇస్తే కదలదు. స్తంభం నంబరు రాసి, ఏది వెలగదో, ఏది మినుకుమినుకుమంటుందో, ఎక్కడ అసలు స్తంభమే లేదో జాబితా ఇవ్వండి. వార్డు సచివాలయంలో లైట్లూ కాలువల్లాంటివి చూసే అమెనిటీస్ సెక్రటరీకి కావాల్సింది అదే.

కాలువ సంగతి కొంచెం లోతుగా చూడాలి. పాతబస్తీలో చాలాచోట్ల దుకాణదారులే కడప బండలు పరిచి, సందుల్లో సిమెంటు పూసి, దానిమీద మెట్లు కట్టేశారు. పారిశుద్ధ్య కార్మికుడికి చెయ్యి పెట్టే చోటు ఉండదు. ఆయన కనిపించినచోట తీసి వెళ్తాడు, పూడిక బండల కిందే ఉండిపోతుంది, వాన పడితే అక్కడే పొంగుతుంది. కార్పొరేషన్ దగ్గరికి వెళ్లే ముందు దుకాణదారులు తమలో తాము ఒప్పుకోవాల్సింది ఒకటుంది: ప్రతి రెండు మీటర్లకు ఒక బండ సిమెంటు లేకుండా, ఇనుప కొక్కెం పట్టుకుని లేపేలా ఉండాలి. ఇదే మంచి 15 రోజుల పని. రెండోది, తీసిన పూడికను గట్టున ఎండబెట్టి నాలుగు రోజులు వదిలేస్తారు. పిల్లల కాళ్లకూ బండి చక్రాలకూ తగిలి సగం మళ్లీ లోపలికే పోతుంది. తీసిన మర్నాడే ట్రాక్టరు రావాలని అర్జీలో ప్రత్యేకంగా రాయండి.

మరుగుదొడ్డిని జనం సౌకర్యంగా చూస్తారు. బజారులో అది పెట్టుబడి. పూలు, కూరగాయలు అమ్మే ఆడవాళ్లు ఆ ఒక్క కారణంతో పొద్దున్నుంచి నీళ్లు తాగరు, సాయంత్రం మంచి బేరం వేళకు ఇంటికి పోతారు. రోజుకు రెండు గంటల వ్యాపారం పోతుంది. కొత్తది కట్టించే లోపు దగ్గర్లోని మసీదునో కల్యాణ మండపాన్నో స్కూలునో అడిగి, తాళంచెవి ఒకరి దగ్గర పెట్టి, శుభ్రం చేసే మనిషికి నెలకింత అని అమ్మేవాళ్లంతా పంచుకోవడం మేలు. కట్టించడం సులువు, నడపడమే కష్టం. నీళ్లూ, ఊడ్చే మనిషి జీతమూ తేలని మరుగుదొడ్డికి ఆరు నెలల్లో తాళం పడుతుంది.

5. బండ్లవాళ్ల చోటు, కాగితం

వీధి వ్యాపారుల చట్టం 2014 నాటిది. అందులో ఏముందో చాలామంది బండ్లవాళ్లకు ఎవరూ చెప్పలేదు. ముఖ్యమైనవి ఇవి. ఐదేళ్లకొకసారి సర్వే చేయాలి. సర్వే పూర్తయి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఎత్తేయకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వ్యాపారులే ఎన్నుకున్న వ్యాపారులు ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. చోటు మార్చాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సరుకు పట్టుకుపోతే జాబితా రాసి ఇవ్వాలి; నియమం ప్రకారం రుసుము కట్టి అడిగితే, కూరగాయల్లాంటి పాడయ్యే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి.

చేయాల్సింది ఇలా. మీ దుకాణాల లెక్కలో దొరికిన బండ్లన్నింటి జాబితా తీసి, ఎవరికి గుర్తింపు కార్డు ఉందో, ఎవరికి లేదో వేరు చేయండి. లేనివాళ్ల పేర్లు మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) సీవో, అంటే కమ్యూనిటీ ఆర్గనైజర్ ద్వారా కార్పొరేషన్‌కు పంపి, అందినట్టు సంతకం తీసుకోండి. బండి నిలబడే చోటు ఫోటో తీసేటప్పుడు వెనకాల దుకాణం బోర్డు కనబడాలి. రేపు 'నువ్వు ఇక్కడ లేవు' అంటే అదే సాక్ష్యం. దుకాణదారులతో గొడవ రాకుండా, బండికి దుకాణం గుమ్మానికి మధ్య కనీసం నాలుగడుగుల దారి వదిలి సున్నం గీత వేయండి. బండ్లుంటే తమ బేరం పోతుందని దుకాణదారుల అనుమానం. మీ నడక లెక్క చూపించండి. బండ్లు లేని రోజున ఆ వీధిలో నడిచేవాళ్లు ఎంతమందో అంకెలే చెబుతాయి.

6. గిరిగిరి అప్పు నుంచి బయటపడే దారి

లెక్క ఇలా ఉంటుంది. 10,000 అప్పు అంటారు, చేతికి 9,000 ఇస్తారు, రోజుకు 100 చొప్పున 100 రోజులు కట్టాలి. 'వెయ్యే కదా' అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గుతూ పోతుంది కాబట్టి నిజంగా పడేది నూటికి నెలకు ఆరు రూపాయలు దాటిన వడ్డీ. చేతికి 8,500 ఇస్తే దాదాపు పది రూపాయల వడ్డీ. అదే వీధి వ్యాపారులకు బ్యాంకు అప్పు ఇప్పించే కేంద్ర పథకం పీఎం స్వనిధి కింద మొదటి విడత 15,000 తీసుకుంటే, బ్యాంకు వడ్డీ 12 శాతం అనుకున్నా ఏడాదికి పడేది వెయ్యి లోపే. సకాలంలో కట్టినవాళ్లకు అందులోనూ 7 శాతం వడ్డీ రాయితీ ఖాతాలో పడుతుంది. తర్వాతి విడతలు 25,000, 50,000. ఈ పథకం 2030 మార్చి 31 వరకు ఉంది. గుర్తింపు కార్డు లేనివాళ్లకు కార్పొరేషన్ ఇచ్చే సిఫారసు లేఖ సరిపోతుంది.

మరి అందరూ గిరిగిరికే ఎందుకు పోతారు? పొద్దున ఐదింటికి మార్కెట్‌కు పోవాలంటే నాలుగున్నరకు డబ్బిచ్చేది గిరిగిరి వడ్డీ వ్యాపారే కాబట్టి. బ్యాంకు ఆ పని చేయలేదు. అందుకే బ్యాంకు అప్పు ఒక్కటే చాలదు, పొదుపు సంఘంలో చిన్న అత్యవసర నిధి కూడా ఉండాలి. పదిమంది సభ్యులు నెలకు 200 వేస్తే ఏడాదికి 24,000. దాన్ని 2,000, 3,000 చొప్పున, వారం వారం తిరిగి కట్టే షరతుతో, నూటికి రూపాయి వడ్డీకి తిప్పండి. పది లక్షల లోపు సంఘం రుణానికి బ్యాంకు తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. మేనేజరు డిపాజిట్ పెట్టమంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనండి.

చెడేది ఎక్కడంటే, పాత గిరిగిరి తీరకుండా కొత్త అప్పు ఇప్పించడం దగ్గర. పదిహేను వేలు ఖాతాలో పడ్డ రోజే పాతవాడు వచ్చి నిలబడతాడు, సరుకుకు రూపాయి మిగలదు, మూడో నెల నుంచి కంతులు ఆగుతాయి. ముందు పాత అప్పు ఎంత మిగిలిందో రాయించండి. మిగిలింది 3,000 దాటితే ముందు సంఘం నిధితో దాన్ని మూసి, తర్వాతే బ్యాంకుకు పంపండి. ఇంకొకటి: ఆడమనిషి పేరున తీసిన అప్పు మగవాడి బండి కంతుకు పోతే సంఘం మొత్తం తల దించుకోవాలి. సరుకు కొన్న చీటీలు మొదటి నెలలో చూపించాలని తీర్మానం రాసుకోండి.

7. ఒక సరుకు, పక్కా లెక్కతో

పదిరకాల శిక్షణలకన్నా ఒక్క సరుకు నిలబెట్టడం మేలు. కుట్టు మిషన్లు పంచిన చోట అవి మంచాల కింద దుమ్ము పట్టి ఉండటం అందరూ చూసిందే. మిషన్ కంటే ముందు ఆర్డరు ఉండాలి. పాతబస్తీకి సులువుగా దొరికే ఆర్డరు తిండిది. బుధవారపేటలోని ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి రాయలసీమ నుంచే కాక గద్వాల వైపు నుంచీ కర్ణాటక పల్లెల నుంచీ రోగులు వస్తారు. వాళ్లతో వచ్చినవాళ్లు రోజుల తరబడి బయట తింటారు. వాళ్లు ఇంట్లో తినేది జొన్నరొట్టె.

ఐదుగురు ఆడవాళ్ల సంఘానికి లెక్క: కిలో పిండికి 12 నుంచి 14 రొట్టెలు. చేయి తిరిగిన మనిషి ఒక పొయ్యి మీద గంటకు 20, 25 తట్టగలదు. వంద రొట్టెలకు సుమారు 8 కిలోల పిండి, ఇద్దరు మనుషులు, రెండున్నర గంటలు. జొన్నలు కొని వారానికి రెండుసార్లు మర పట్టించండి. పాతబడ్డ పిండికి జిగురు పోయి అంచులు పగులుతాయి, తట్టే వేగం సగానికి పడిపోతుంది. నీళ్లు తెర్లేటప్పుడే పిండి కలపాలి, చల్లారిన నీళ్లతో కలిపితే రొట్టె గంటకే గట్టిపడుతుంది. వేడిగా డబ్బాలో మూస్తే ఆవిరికి తడిసి అతుక్కుంటాయి. గుడ్డలో చుట్టి, పది నిమిషాలు ఆరనిచ్చి పెట్టాలి.

ధర కట్టేటప్పుడు జొన్నలు, మరకూలి, గ్యాసు, పొట్లం, ఆటో వేస్తారు. తమ కూలి వేసుకోరు. మిగిలింది చూసి లాభమనుకుంటారు. రెండు నెలలకు 'కూలికి పోయినా ఇంతకంటే వస్తుంది కదా' అని ఒక్కొక్కరే మానేస్తారు. మనిషి కూలి మీ వీధి రేటుకే వేయండి, అమ్ముడుపోనివి నూటికి ఎనిమిదైనా వేయండి, అప్పుడు ధర పెట్టండి. ఆ ధరకు ఎవరూ కొనరనిపిస్తే ఆ సరుకు వదిలేయడమే మంచిది.

శెనక్కాయల పొడి, కారప్పొడి చేస్తే ఇంకో జాగ్రత్త. నల్లబడ్డవీ ముడతపడ్డవీ బూజు వాసన ఉన్నవీ వేయించే ముందే ఏరాలి. ఆ బూజు విషం వేయించినా పోదు. పొడి పూర్తిగా చల్లారాకే మూయాలి, లేకపోతే తేమ పట్టి బూజు వస్తుంది. గాలీ వెలుతురూ తగిలినా నూనె కనరెక్కుతుంది. మొదట నెలకు సరిపడా మాత్రమే చేయండి. తిండి సరుకు అమ్మడానికి కావాల్సిన ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారానికి ఏడాదికి 100 రూపాయలు, చిన్న వ్యాపారాల నమోదుకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. వెయ్యి, రెండు వేలు అడిగే నెట్ సెంటర్లున్నాయి, జాగ్రత్త.

8. వరద సంగతి మరవొద్దు

2009 అక్టోబరు 2న పాతబస్తీలో ఏం జరిగిందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కర్లేదు. అయినా హంద్రీ ఒడ్డు గల్లీల్లో అద్దె తక్కువని నేలమీద గదిలో సంఘం సరుకు పెట్టేవాళ్లున్నారు. నిల్వ అటక మీదో మేడ మీదో ఉండాలి. మిషన్ మోటార్లు, ఫ్రిజ్ ప్లగ్గులు నడుము ఎత్తులో బిగించాలి. లెక్కల పుస్తకం ఫోటోలు నెలనెలా ఇద్దరి ఫోన్లలో ఉండాలి. సరుకు జాబితా లేనివాళ్లకు నష్టం ఎంతని ఎవరూ రాయరు.

9. అర్జీ, దాని వెంట తిరగడం

ఒక అర్జీలో ఒకే పని. ఒక పేజీ, దానికి గీసిన పటం, నడక లెక్క. పది సమస్యలు రాస్తే పది శాఖలకు చీలిపోయి ఎవరూ జవాబివ్వరు. ముందు సచివాలయంలో ఇచ్చి నంబరు తీసుకోండి, రెండు వారాలు చూసి కమిషనర్‌కు, తర్వాత కలెక్టరేట్‌లో సోమవారం అర్జీల కార్యక్రమానికి. పాత నంబరు కొత్త అర్జీ మీద తప్పక రాయాలి. అప్పటికీ కదలకపోతే 10 రూపాయలతో సమాచార హక్కు దరఖాస్తు. 30 రోజుల్లో జవాబు రావాలి. 'ఎందుకు చేయలేదు' అని అడగొద్దు. 'ఈ అర్జీ మీద ఏ తేదీన ఏ అధికారి ఏం రాశారు, ఆ నకలు ఇవ్వండి' అని అడగండి.

డబ్బు కావాల్సిన పనులను సంక్రాంతి లోపే పెట్టండి. బడ్జెట్ ఏప్రిల్ నుంచి అమలవుతుంది కాబట్టి ఫిబ్రవరి తర్వాత ఇచ్చిన అర్జీకి వచ్చే జవాబు 'నిధులు లేవు' అనే.

10. బజారు లేచాక

ఆరు నెలలకు అవే చోట్ల, అవే వేళల్లో, నెలలో అవే వారాల్లో మళ్లీ నడక లెక్క పెట్టండి. పండగ నెలను మామూలు నెలతో పోల్చొద్దు, రంజాన్ మాసాన్ని అసలే పోల్చొద్దు. మూసిన షట్టర్లు ఎన్ని తెరుచుకున్నాయి, 20వ తేదీ తర్వాత జనం పెరిగారా, గిరిగిరి కట్టే ఇళ్లు ఎన్ని తగ్గాయి, ఈ మూడూ చాలు.

లెక్క బాగుంటే మొదట కదిలేది అద్దె. లైట్లు వెలిగి, కాలువ బాగుపడి, జనం ఆగడం మొదలయ్యాక ఇంటి ఓనరు 11 నెలల కాగితం తిప్పి రాయమంటాడు. అందుకే పనులు మొదలుపెట్టక ముందే, షట్టర్లు ఖాళీగా ఉన్న రోజుల్లోనే, మూడేళ్ల ఒప్పందం అడగండి. ఏడాదికి ఇంత శాతమే పెంచాలని అందులో రాయించండి. ఏడాది దాటిన ఒప్పందాన్ని రిజిస్టర్ చేయించకపోతే అది కోర్టులో నిలబడదు. స్టాంపు ఖర్చు సగం ఓనరు, సగం అద్దెదారు భరించేలా మాట్లాడుకుంటే చాలామంది ఓనర్లు ఒప్పుకుంటారు, షట్టరు ఖాళీగా ఉన్నంతకాలం.